పల్నాటి సున్నం – 9: వాళ్ళ చరిత్ర సంస్కృతి పద్దులో, మన చరిత్ర సంక్షేమం పద్దులో



పోయిన భాగంలో పిడుగురాళ్ల సున్నపు బట్టీల కూలి గురించి రాసి, ఈసారి మ్యూజియంల మీద ప్రభుత్వం పెట్టే డబ్బు గురించి రాస్తానని చివర్లో అన్నాను. ఆ రాత్రే డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, హాస్టల్లో నీళ్ళ పప్పు తింటున్నాం. బట్టీల కాడ మనోళ్ళు దుమ్ము మింగుతున్నారు. ఇప్పుడు మ్యూజియం మన సమస్యా?" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే. జవాబు ముందు చెప్తాను, కారణాలు తర్వాత చెప్తాను. మ్యూజియం మన సమస్య కాదని మనం పక్కకి తప్పుకున్నంత మాత్రాన ప్రభుత్వం మ్యూజియంలకి డబ్బివ్వడం మానదు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా మనం కట్టే పన్నులోంచి ఇస్తూనే ఉంటుంది. కాకపోతే ఆ డబ్బుతో ఎవరి కథ గోడకెక్కాలి, ఎవరి పిల్లలు బస్సెక్కి వెళ్ళి చూడాలి అన్నది మనం లేనిచోట తేలిపోతుంది. ఇప్పటిదాకా జరిగింది అదే.

ఇందులో ఒక మెలిక ఉంది. రాజుల చరిత్రకి, నవాబుల చరిత్రకి డబ్బు సంస్కృతి పద్దులోంచి వస్తుంది. మన చరిత్రకి, వస్తే గిస్తే, సంక్షేమం పద్దులోంచి వస్తుంది. లెక్కల పుస్తకంలో చిన్న తేడాలా కనపడుతుంది. ఈ భాగమంతా ఆ తేడా గురించే.

తోలుపని చేసే విధికుడి పలక

అమరావతి నుంచి మొదలుపెడదాం. పిడుగురాళ్ల నుంచి సత్తెనపల్లి మీదుగా పోతే సుమారు అరవై కిలోమీటర్లు. అక్కడి మహాచైత్యం అనగానే మనకి సాతవాహన రాజులు గుర్తొస్తారు. బళ్ళో చెప్పింది అదే కాబట్టి. కానీ అక్కడి రాళ్ళ మీదున్న దాన శాసనాలు చదివితే రాజులకంటే మామూలు జనం ఎక్కువ కనపడతారు. భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు, ఇల్లాళ్ళు తలా ఒక పలకో, స్తంభమో ఇచ్చారు. ఇచ్చినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అది జనం డబ్బుతో నడిచిన కళాప్రదర్శన.

ఆ దాతల్లో ఒకాయన విధికుడు. ప్రాకృతంలో ఉన్న శాసనం ఆయన్ని చర్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు అని చెప్తుంది. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. విధికుడు తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టాలు స్నేహితులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి చైత్యానికి ఇచ్చాడు. పంతులుగారి కొడుకు తోలుపని చేస్తున్నాడు. తోలుపని చేసేవాడు శిల్పానికి డబ్బు కట్టి, తన వృత్తి పేరు దాచుకోకుండా రాతి మీద రాయించుకున్నాడు.

విధికుడు మాదిగ అని నేను అనడం లేదు. ఆ కాలపు వృత్తిని ఇవాళ్టి కులంతో ముడిపెట్టడం అంత తేలిక కాదు, ఆ పని చరిత్రకారులు చేయాలి. నేను చెప్పేది ఒక్కటే. తోలు ముట్టుకునే చేయి శిల్పానికి దానం ఇవ్వగలిగిన కాలం, ఆ దానాన్ని గౌరవంగా తీసుకున్న చోటు మన గడ్డ మీదే ఉన్నాయి. సాక్ష్యం రాతి మీద ఉంది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం చూడండి. 2018లో ఖరారు చేసిన ఈ చిహ్నాన్ని అమరావతి శిల్పశైలి నుంచే తీసుకున్నారు. నడిమధ్యన ఉన్నది పూర్ణఘటమే. ప్రతి జీవో నెత్తిన అది ఉంటుంది. మనం మీసేవలో తెచ్చుకునే కుల ధ్రువీకరణ పత్రం మీదా ఉంటుంది. పూర్ణఘటం పలకని దానం చేసిన తోలుపని విధికుడి పేరు మాత్రం ఆ పత్రం పట్టుకుని కాలేజీలో చేరే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. చెప్పడానికి ఎవరూ డబ్బు పెట్టలేదు. మ్యూజియంలో విద్యా కార్యక్రమం అంటే ఏమిటని అడిగితే నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే. రాయి ఉంది, శాసనం ఉంది, చదివిన పండితులు ఉన్నారు. పిల్లవాడి దాకా తీసుకొచ్చే మనిషి జీతానికి పద్దు లేదు.

అదే రాయి, బట్టీలో సున్నం

పిడుగురాళ్ల వాళ్ళకి ఇంకో సంగతి తెలియాలి. అమరావతి శిల్పాలు చాలావరకు పల్నాటి సున్నపురాయి మీద చెక్కినవి. మనం బట్టీల్లో కాల్చి సున్నం చేసే జాతి రాయే.

1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ దిబ్బని తవ్వారు. 1797లో కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు. శిల్పాలున్న పలకలు కొన్ని గోడల్లోకి, మెట్లలోకి పోయాయి. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి కొన్ని పలకలు మద్రాసుకి పంపాడు. అందులోంచి 1859లో చాలా పలకలు ఓడెక్కి లండన్ పోయాయి. ఇవాళ అమరావతి శిల్పాలు చూడాలంటే లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ఉంది, చెన్నైలో ఎగ్మూరు మ్యూజియం ఉంది. మిగిలినవి అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియంలో ఉన్నాయి.

రాయి ఒకటే. ఒక ముక్క సున్నమై ఎవరి ఇంటి గోడకో పూత అయింది. ఇంకో ముక్క లండన్‌లో గాజు గదిలో, తేమ తగలకుండా, పక్కన వివరంతో నిలబడింది. తేడా రాయిలో లేదు. దాని మీద ఒక సమాజం ఎంత ఖర్చు పెట్టింది, దాని గురించి ఎంత చెప్పింది అన్నదాంట్లో ఉంది. మనుషుల జ్ఞాపకాల సంగతీ అంతే. ఖర్చు పెట్టి కాపాడినవి చరిత్ర అవుతాయి, మిగిలినవి బట్టీలో పడతాయి.

గ్రాంటు ఎలా పనిచేస్తుంది

కేంద్ర సాంస్కృతిక శాఖకి మ్యూజియం గ్రాంట్ స్కీము అని ఒకటి ఉంది. కొత్త మ్యూజియం పెట్టడానికి, ఉన్నదాన్ని బాగుచేయడానికి, వస్తువుల్ని డిజిటల్ చేయడానికి దాని కింద డబ్బిస్తారు. రాష్ట్ర ప్రభుత్వాలే కాదు, స్థానిక సంస్థలు, రిజిస్టరైన సొసైటీలు, ట్రస్టులు కూడా అడగొచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పిడుగురాళ్ల మున్సిపాలిటీ కూడా స్థానిక సంస్థే.

కానీ ఖర్చు మొత్తం కేంద్రం ఇవ్వదు. ఒక వాటా పెట్టేవాళ్ళే తెచ్చుకోవాలి. స్థలం చూపించాలి. డీపీఆర్ రాయాలి, అంటే ప్రాజెక్టు నివేదిక. అది రాయాలంటే ఆర్కిటెక్టు కావాలి, అంచనాలు కావాలి, ఇంగ్లీషు కావాలి. స్థలం, వాటా డబ్బు, ఇంగ్లీషు ఈ మూడూ ఈ దేశంలో ఎవరి దగ్గరుంటాయో నేను చెప్పక్కర్లేదు. షరతుల్లో కులం పేరు ఎక్కడా ఉండదు. ఫలితంలో కులం దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

ఇంకో చిక్కు ఉంది. కట్టడానికి డబ్బు అడగడం తేలిక, నడపడానికి అడగడం కష్టం. బిల్డింగు ఫొటోలో కనపడుతుంది, శిలాఫలకం మీద మంత్రిగారి పేరు పడుతుంది. ఒక టీచరుకి మూడు రోజులు శిక్షణ ఇచ్చి, పిల్లల్ని పలక ముందు కూర్చోబెట్టి బొమ్మ గీయించి, శాసనంలో ఒక్కో అక్షరం చదివిస్తే ఫ్లెక్సీ మీద వేయడానికి ఏముంటుంది? కాబట్టి గోడలు లేస్తాయి. లోపల చీటీలో "సున్నపురాయి, రెండో శతాబ్దం" అని రెండు ముక్కలుంటాయి. ఆ రాయి ఎవరిది, ఎవరు చెక్కారు, ఎవరు డబ్బిచ్చారు అని అడిగే పిల్లకి జవాబు చెప్పే మనిషి ఉండరు.

పురావస్తు శాఖ మ్యూజియంలలో పదిహేనేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. మంచిదే. మరి పిడుగురాళ్ల పేటలో పిల్లని ఆపుతున్నది టికెట్టా? బస్సు అద్దె ఆపుతోంది. మధ్యాహ్నం అన్నం ఆపుతోంది. మిరప కోతల కాలంలో అమ్మానాన్నలు చేలో ఉంటే చిన్న తమ్ముణ్ణి ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ఆపుతోంది. నాగార్జునకొండ మ్యూజియం అయితే ఇంకా దూరం. సాగర్ నీళ్ళ మధ్యలో ఉంది, లాంచీ ఎక్కాలి. ముంబైలో ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం వాళ్ళు 2015 నుంచి ఒక బస్సునే మ్యూజియం చేసి బళ్ళ దగ్గరికి, ఊళ్ళలోకి తిప్పుతున్నారు. అది చేతకాని పనేం కాదు. మన దగ్గర ఎవరికీ అవసరం అనిపించని పని.

విగ్రహం తర్వాత ఏంటి

2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో బాబాసాహెబ్ విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహం 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు, ఖర్చు సుమారు 400 కోట్లు. అంతకుముందు 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో ఇంకో 125 అడుగుల విగ్రహం. ఆ ఎత్తు చూస్తే నాకూ ఛాతీ పొంగుతుంది. ఊళ్ళో రెండడుగుల విగ్రహం పెట్టుకోవడానికి దెబ్బలు తిన్న జాతి మనది, ఆ పొంగు ఊరికే రాలేదు. విగ్రహం వద్దనే మాట నా నోట రాదు.

కానీ ఈ రెండు పనులు చూసిన శాఖలేవో గమనించండి. ఆంధ్రలో సాంఘిక సంక్షేమ శాఖ, తెలంగాణలో ఎస్సీ అభివృద్ధి శాఖ. రాజ్యాంగం రాసిన మనిషి సంస్కృతి శాఖకి చెందడు, హాస్టళ్ళు చూసే శాఖకి చెందుతాడు. ఇప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూడండి. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ డబ్బుతో నడుస్తుంది, సిబ్బంది ఉన్నారు. ఒక నవాబుల కుటుంబం పోగేసిన వస్తువులవి. చూడాల్సిన మ్యూజియం, వెళ్ళి చూడండి. దాన్ని నవాబుల సంక్షేమ పథకం అని ఎవరైనా అన్నారా? దేశ సంపద అన్నారు.

పద్దు మారితే ఏం మారుతుంది? మూడు మారతాయి.

ఒకటి, సంక్షేమం అంటే దయ. ప్రభుత్వం మారితే దయ మారుతుంది. సంస్కృతి అంటే ఆస్తి. దాన్ని ఎవరొచ్చినా కాపాడాలి.

రెండు, సంక్షేమం అంటే లబ్ధిదారులు ఎస్సీలు. చూడాల్సింది కూడా ఎస్సీలే అనుకుంటారు. కారంచేడు ఎందుకు జరిగిందో మన పిల్లలకి ఇంట్లోనే తెలుస్తుంది. తెలియాల్సింది అవతలి వీధి పిల్లలకి. సంస్కృతి పద్దులో ఉంటే అన్ని బళ్ళ పిల్లలూ రావాలి.

మూడు, అన్నిటికంటే ప్రమాదం ఇది. సంక్షేమం పేరు చెప్పగానే సబ్‌ప్లాన్ మీద కన్నుపడుతుంది. 2013లో మనం చట్టం తెచ్చుకున్నది మన వాటా డబ్బు మన బతుకులు మారడానికి ఖర్చు కావాలని. స్కాలర్‌షిప్పు డబ్బులోంచి మ్యూజియం కట్టి, మన పేరు పెట్టి, మనకే ఇచ్చామంటే ఒప్పుకోకూడదు. ఫోన్ చేసిన తమ్ముడి భయం అదే అయితే నేను నూటికి నూరుపాళ్ళు అతని పక్కనే ఉన్నాను. హాస్టల్ పప్పులో నీళ్ళు పోసి మ్యూజియంకి రంగులు వేయమని నేను అడగడం లేదు. నవాబు కత్తికి ఏ పద్దులోంచి గాజుపెట్టె వస్తుందో, మా తాత దప్పుకి అదే పద్దులోంచి రావాలంటున్నాను.

వాషింగ్టన్‌లో నూరేళ్ళు

ఇది మన ఒక్కరి పోరాటం కాదు. అమెరికాలో నల్లజాతి మాజీ సైనికులు తమ చరిత్రకి దేశ రాజధానిలో ఒక గుర్తు కావాలని 1915లో అడగడం మొదలుపెట్టారు. ఆ దేశపు పార్లమెంటు మ్యూజియంకి చట్టం చేసింది 2003లో. తలుపులు తెరిచింది 2016 సెప్టెంబర్ 24న. ఖర్చు సుమారు 54 కోట్ల డాలర్లు, అందులో సగం ప్రభుత్వ డబ్బు. నడిపేది స్మిత్‌సోనియన్, అంటే ఆ దేశపు జాతీయ మ్యూజియంలు చాలావాటిని నడిపే సంస్థే. నల్లవాళ్ళ కోసం వేరే శాఖ కాదు. మన డిమాండు సరిగ్గా అదే.

వాళ్ళకి మొదట్లో చూపించడానికి వస్తువులే లేవు. ఊరూరా సభలు పెట్టి, మీ ఇంట్లో పెట్టెల్లో, అటకల మీద ఏమున్నాయో తీసుకురండి అన్నారు. జనం తెచ్చారు. వాటిని ఎలా భద్రపరచుకోవాలో జనానికే నేర్పారు. గోడలు లేవకముందే కార్యక్రమం మొదలైంది.

మన పెట్టెల్లో ఏముంది

మన పెట్టెలు ఖాళీ కాదు. కారంపూడి మనకి దగ్గరే. పల్నాటి వీరుల గుళ్ళో ఏటా కార్తీకంలో ఉత్సవాలు జరుగుతాయి. బ్రహ్మనాయుడి చాపకూడు, సేనల్ని నడిపిన మాల కన్నమదాసు, ఆ కథంతా పాడే వీరవిద్యావంతులు మాలలు. అలిశెట్టి గాలెయ్య పాడిన కథ మీద జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు చేసిన పుస్తకాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు అచ్చేశారు. ఆక్స్‌ఫర్డ్‌కి వినపడిన గొంతు కోసం పల్నాటి బళ్ళో ఒక పీరియడ్ లేదు.

లందలో తోలు ఊనే పద్ధతి తెలిసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ఆరె ఉంది, దప్పు ఉంది, దరువుల పేర్లు ఉన్నాయి. ముగ్గురాయి మిల్లుల్లో, సున్నపు బట్టీల్లో పనిచేసినవాళ్ళ చేతులున్నాయి. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ మండిన ఆడవాళ్ళ వేళ్ళున్నాయి. వినుకొండ జాషువా ఉన్నాడు. 1985 జూలై 17 కారంచేడు ఉంది, చీరాలలో వేసుకున్న శిబిరం ఉంది. 1991 ఆగస్టు 6 చుండూరు ఉంది. చనిపోయినవాళ్ళని పూడ్చిన చోటుకి రక్తక్షేత్రం అని మనవాళ్ళు పెట్టుకున్న పేరు ఉంది. ఆ కరపత్రాలు, ఫొటోలు, పాటల క్యాసెట్లు ఇవాళ్టికీ కార్యకర్తల ఇళ్ళలో చెదలు పడుతున్నాయి. ఇంకో పదేళ్ళు ఆగితే మ్యూజియం కట్టినా పెట్టడానికి ఉండవు.

గ్రాంటు మెడకి ఉచ్చు కాదా?

కార్యకర్తలు అడిగే ప్రశ్న ఇంకోటుంది. ప్రభుత్వ డబ్బు తీసుకుంటే ప్రభుత్వం చెప్పిందే గోడ మీద పెట్టాలి కదా, దప్పు ఉంచి చుండూరు తీసేయమంటారు కదా?

అంటారు. దప్పు వాళ్ళకి ఇబ్బంది లేదు. "జానపద వాద్యం" అని చీటీ రాసి, కొట్టినవాడి కులం, పేరు, కూలి చెప్పకుండా పెట్టేయొచ్చు. మన వస్తువు ఉండి మన మాట లేకపోతే అది ఇంకో రకం వెలి. అందుకే డబ్బు ఒక్కటే అడిగితే చాలదు. ఏం పెట్టాలి, చీటీ మీద ఏం రాయాలి అని తేల్చే కమిటీలో సగం మంది ఆ వస్తువుల మనుషులు ఉండాలి. కమిటీ తేల్చినదాన్ని కలెక్టరు గానీ మంత్రి గానీ చెరిపేయడానికి వీల్లేకుండా నిబంధన ఉండాలి. డబ్బు మనదైనప్పుడు షరతు పెట్టే హక్కూ మనదే.

ఏం అడగాలి, ఏం చేయాలి

1. రాష్ట్రంలో మ్యూజియంలకి ఇచ్చే డబ్బులో ప్రదర్శనలకి, విద్యా కార్యక్రమాలకి ఏటా వేరే పద్దు ఉండాలి. కట్టడాల ఖర్చులో కలిపేయకూడదు.

2. దళిత, ఆదివాసీ చరిత్ర ప్రదర్శనలకి డబ్బు సంస్కృతి, పురావస్తు శాఖల సాధారణ బడ్జెట్ నుంచి రావాలి. సబ్‌ప్లాన్ నుంచి ఒక్క రూపాయి తీయకూడదు.

3. పల్నాడు జిల్లాలో ప్రతి ప్రభుత్వ బడి పిల్లకీ బడి వదిలేలోపు అమరావతి ఒకసారి, నాగార్జునకొండ ఒకసారి. బస్సు, భోజనం ప్రభుత్వానివి. పక్కన తెలుగులో చెప్పే శిక్షణ పొందిన మనిషి ఉండాలి. ఆ ఉద్యోగాలకి మన డిగ్రీ పిల్లల్ని తీసుకోవాలి.

4. పిడుగురాళ్ల మున్సిపాలిటీ, ఒక దళిత సొసైటీ కలిసి సున్నపు బట్టీల మ్యూజియంకి డీపీఆర్ పెట్టాలి. పల్నాటి రాయి శిల్పం ఎలా అయింది, సున్నం ఎలా అయింది, కాల్చిన మనుషులు ఏమయ్యారు అన్న కథ చెప్పడానికి దీనికంటే తగిన ఊరు లేదు.

5. పాడినవాళ్ళకి, వాయించినవాళ్ళకి, చెప్పినవాళ్ళకి శాలువా కాదు, ఫీజు ఇవ్వాలి. చీటీ మీద పేరు ఉండాలి.

విద్యార్థులకి ఈ నెల పని ఇది. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. రాష్ట్ర పురావస్తు, మ్యూజియంల శాఖని మూడు ప్రశ్నలు అడగండి. గత ఐదేళ్ళలో కట్టడాలకి ఎంత, ప్రదర్శనలకి ఎంత, పిల్లల కార్యక్రమాలకి ఎంత? ఎన్ని ప్రభుత్వ బళ్ళ నుంచి పిల్లలు వచ్చారు? ఎస్సీ, ఎస్టీ చరిత్ర మీద ఎన్ని ప్రదర్శనలు పెట్టారు? సాంఘిక సంక్షేమ శాఖని ఒక్కటే అడగండి. విజయవాడ విగ్రహం కింద ఉన్న మ్యూజియంకి ఈ ఏడాది కార్యక్రమాల కోసం ఎంత కేటాయించారు? వచ్చిన జవాబులు నాకు పంపండి, ఇక్కడే పెడదాం. జవాబు రాకపోతే అదీ పెడదాం.

ఇంకో పని ఆదివారం చేయొచ్చు, దానికి ఎవరి గ్రాంటూ అక్కర్లేదు. మీ పేటలో పెద్దవాళ్ళ దగ్గరికి ఫోన్ తీసుకుని వెళ్ళండి. పాత ఫొటో, కరపత్రం, పనిముట్టు ఏదున్నా ఫొటో తీయండి. వాళ్ళ పేరు, ఊరు, ఆ వస్తువు కథ వాళ్ళ గొంతులోనే రికార్డు చేయండి. రేపు డీపీఆర్ అడిగినప్పుడు "మీ దగ్గర ఏముంది?" అనేది మొదటి ప్రశ్న. అప్పటికి మన దగ్గర జాబితా ఉండాలి.

వచ్చే భాగంలో మిర్చి యార్డు హమాలీల గురించి.

జై భీమ్.